మిస్ లోరెనా గారి అబ్బాయి

మా ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టుకు చందాలు పోగుచేసే సంఘానికి అధ్యక్షురాలు మిస్ లోరెనా టాటమ్. పెళ్ళయినా మావైపు గౌరవంగా 'మిస్' అనే అంటారు. ఆమె భర్త క్లోవిస్‌కు వేరుశనగ మిల్లులుండేవి. ఆయన పోయాక ఆమె మిల్లులు అమ్మేసి, ఆ డబ్బులో చాలా భాగం విశ్వవిద్యాలయం జట్టుకే ఇచ్చింది. కుర్రాళ్ళు కసరత్తు చేసే భవనం మీద ఆయన పేరుంటుంది. మాకు కొత్త కోచ్ రావాలన్నా, ఉన్న కోచ్ పోవాలన్నా, ముందు ఆమె వరండాలో కూర్చుని టీ తాగాల్సిందే. నేను ఆ సంఘానికి కార్యదర్శిని. టైర్ల కొట్టు నడుపుకునేవాణ్ణి. విందులకు బల్లలు వేయించడం, మిస్ లోరెనా చెప్పిన మనిషిని చెప్పిన చోటికి తీసుకెళ్ళడం నా పని.

ఇది తొంభైల మొదట్లో సంగతి. ఆటగాళ్ళకు జీతమివ్వకూడదని అప్పట్లో నియమం. మేమిచ్చిందంతా విశ్వవిద్యాలయానికి పోయేది. అక్కణ్ణుంచి చదువుగా, తిండిగా, పడకగా కుర్రాళ్ళకు చేరేది. అప్పుడప్పుడూ ఎవరైనా ఇంటికి పిలిచి ఒక పూట భోజనం పెడితే మాత్రం తప్పు లేదు. ఆ 'అప్పుడప్పుడూ' అన్న మాటకు మిస్ లోరెనా 'ప్రతి ఆదివారం' అని అర్థం చెప్పుకుంది. ఏటా జట్టులోంచి ఒక కుర్రాణ్ణి ఎంచుకునేది. చర్చి అయ్యాక అతను ఆమె ఇంటికి వచ్చి, ఆమె కుడిపక్క కుర్చీలో కూర్చుని తినేవాడు. ఆ కుర్రాణ్ణి ఊరంతా 'మిస్ లోరెనా గారి అబ్బాయి' అనేవాళ్ళు. ఆమెకు పిల్లల్లేరు.

ఆ యేడు ఆమె ఓజెల్ పెట్‌వేని ఎంచుకుంది.

మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకునే పరుగెత్తుతారు, ఎదుటి జట్టువాళ్ళు పట్టుకుని పడదోస్తారు. ఓజెల్ బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తితే, పట్టుకోబోయినవాళ్ళ చేతుల్లో గాలి మిగిలేది. మైదానం బయట మాత్రం గట్టిగా మాట్లాడడానికి కూడా మొహమాటపడేవాడు. అలబామాలో మాకు పడమరగా, నది వంపు తిరిగే చోట వాళ్ళ ఊరు. తండ్రి లేడు. తల్లి వెర్లీన్ జెల్ల చేపలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేది.

మొదటి ఆదివారం నేనే అతన్ని హాస్టల్ నుంచి తీసుకెళ్ళాను. బల్ల దగ్గర పాస్టరు గారు, బ్యాంకు మేనేజరు, వాళ్ళ భార్యలు ఉన్నారు. ఓజెల్ చేతికందిన ఫోర్కు తీసుకున్నాడు.

"అది కాదు నాయనా, ఆ చివర ఉన్నది," అంది మిస్ లోరెనా. "బయట నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి."

"అలాగేనండి."

"'అలాగేనండి అమ్మగారూ' అనాలి."

"అలాగేనండి అమ్మగారూ."

"మీ ఇంట్లో అందరూ కలిసే తింటారా? పెద్ద బల్లే ఉంటుందేమో."

"బల్ల లేదండి. ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ కూర్చుంటాం. మా తమ్ముడు మంచం కింద కూర్చుని తింటాడు."

బ్యాంకు మేనేజరు భార్యకు నవ్వాగలేదు. మిస్ లోరెనా ఓజెల్ చేతి మీద తన చెయ్యి వేసి, "చూశారా, ఎంత నిజాయితీయో. ఇలాంటివాళ్ళు ఇప్పుడు ఎక్కడ దొరుకుతారు?" అంది, సంతలో మేలుజాతి కోడెను చూపించినట్టు.

తిరిగి వస్తూ బండిలో నేను, "ఇబ్బందిగా అనిపించిందా?" అని అడిగాను.

"ఎందుకండీ? మంచావిడ. మా అమ్మైతే తిండి దగ్గర తప్పుచేస్తే గరిటెతో ఒకటిచ్చేది. ఈవిడ కొట్టలేదుగా," అన్నాడు.

నిజంగానే అతను ఆమెకు అలవాటుపడ్డాడు. భోజనమయ్యాక ఆమెను క్లోవిస్ సమాధి దగ్గరకు తీసుకెళ్ళేవాడు. రాయి మీద పాచి గీకేవాడు, ఎండుటాకులు ఏరేవాడు. ఒకసారి అక్కడ ఆమె అతని భుజం మీద తల ఆన్చి ఏడ్చిందట. ఆ సంగతి ఓజెలే నాకు చెప్పాడు. "ఆవిడకి ఎవరూ లేరండీ. అంత ఇంట్లో ఒక్కతే," అన్నాడు.

ఆ ఇంట్లో వంట చేసే ఐడెల్లా ముసలిది. ఓజెల్ లాగే ఆమే నల్లజాతి మనిషి. ఒక ఆదివారం అతను పళ్ళేలు వంటింట్లోకి తీసుకెళితే, అతని మొహంలోకి చూసి, "బాగా తింటున్నావా బిడ్డా?" అని అడిగింది.

"ఇంతమంచి కోడిమాంసం నేనెక్కడా తినలేదు పెద్దమ్మా."

"తిను. కానీ ఇంటికొచ్చినట్టు తినకు. హోటల్‌కొచ్చినట్టు తిను. ఆ కుర్చీలో కూర్చున్నోళ్ళని నేను చాలామందిని చూశాను."

ఓజెల్ నవ్వి, "మీరు నన్ను ఆటపట్టిస్తున్నారు," అన్నాడు. ఐడెల్లా గిన్నెలు తోముకుంది.

అక్టోబరులో అతని ఎడమ మోకాలు వాచింది. జట్టు డాక్టరు చూసి, ఈ సీజనుకు ఇక ఆడకూడదన్నాడు. ఆడితే లోపల ఏది తెగుతుందో తను చెప్పలేనన్నాడు. సరిగ్గా ఆ వారమే పాత విద్యార్థులంతా ఊరికి వచ్చే ఆట. కొత్త గ్యాలరీ కట్టించడానికి పెద్ద మొత్తం ఇస్తారనుకున్న బర్మింగ్‌హామ్ వాళ్ళు ఆ ఆటకే వస్తున్నారు. వాళ్ళు చూడాలనుకుంటున్నది ఓజెల్‌నే.

కోచ్ డబ్ హార్గిస్ నా కొట్టుకు వచ్చి టైర్ల మీద కూర్చున్నాడు. "నేను ఆడమంటే రేపు నా మెడకు చుట్టుకుంటుంది గ్రేడీ. ఆడొద్దంటే ఆవిడ నా మెడ విరుస్తుంది. నువ్వే వెళ్ళి మాట్లాడు."

వెళ్ళి చెప్పాను. మిస్ లోరెనా అంతా విని, "డబ్‌ని కంగారు పడొద్దను. నేను అడుగుతాను," అంది.

ఆ ఆదివారం వేరే అతిథులెవరూ లేరు. ఓజెల్, ఆమె, నేను. ఆమే స్వయంగా వడ్డించింది. మొక్కజొన్న రొట్టెకు వెన్న రాసి అతని పళ్ళెంలో పెట్టింది.

"నువ్వు ఆడుతుంటే మీ అమ్మ ఎప్పుడైనా చూసిందా?"

"లేదండి అమ్మగారూ. శనివారాలు కూడా డ్యూటీ ఉంటుంది."

"ఈ శనివారం చూస్తుంది. ఫ్యాక్టరీ యజమానితో మాట్లాడాను. గ్రేడీ వెళ్ళి తీసుకొస్తాడు. మైదానం పైన అద్దాల గదిలో నా పక్కనే కూర్చుంటుంది."

ఓజెల్ మొహం వెలిగిపోయింది. అంతలోనే తల దించుకున్నాడు. "డాక్టరు గారు ఆడొద్దన్నారండి."

"విన్నాను. డాక్టర్లకు ఆ మాటొక్కటే వచ్చు. క్లోవిస్‌ని మిల్లుకు పోవద్దన్నారు. ఆయన చచ్చేదాకా పోతూనే ఉన్నాడు." ఆమె అతని గ్లాసులో టీ పోసింది. "నేను బలవంతం చెయ్యడం లేదు నాయనా. నువ్వు ఆడకపోయినా మీ అమ్మ వస్తుంది. నువ్వు బెంచీ మీద కూర్చుని ఉంటే చూస్తుంది. మరేం ఫర్వాలేదు."

అతను చేతిలో రొట్టె ముక్కను పళ్ళెంలో పెట్టేశాడు.

"ఆడతానండి."

"నా కోసం వద్దు. నీ కోసం ఆడు."

"మీ కోసమేనండి," అన్నాడు ఓజెల్ సిగ్గుపడుతూ. ఆమె అతని చెంప తట్టింది.

శనివారం తెల్లవారగానే వెళ్ళి వెర్లీన్‌ను తీసుకొచ్చాను. చర్చికి వేసుకునే నీలం గౌను, టోపీ వేసుకుంది. చేతులకు అత్తరు పూసుకుంది. అయినా దారిలో నాలుగైదుసార్లు వేళ్ళు వాసన చూసుకుంది. అద్దాల గదిలో మిస్ లోరెనా ఆమెను బర్మింగ్‌హామ్ వాళ్ళకు పరిచయం చేసింది. "మా ఓజెల్ వాళ్ళమ్మ."

వెర్లీన్ ఆ 'మా' అన్న మాట దగ్గర ఆమె వైపు ఒకసారి చూసి, తల వంచి నమస్కారం పెట్టింది.

నొప్పి తెలియకుండా ఓజెల్ మోకాలికి సూది వేశారు. కట్టు గట్టిగా బిగించారు. మొదటి సగంలో రెండుసార్లు బంతిని చివరి గీత దాటించాడు. జనం అరుపులకు గది అద్దాలు అదిరాయి. బర్మింగ్‌హామ్ పెద్దమనిషి లేచి మిస్ లోరెనాతో చేతులు కలిపాడు. వెర్లీన్ మాత్రం అరవలేదు. కొడుకు పరుగెత్తిన ప్రతిసారీ కుర్చీ చేతులు పట్టుకుని, అతను కిందపడి లేచాక వదిలేది.

విరామం తర్వాత ఓజెల్ మళ్ళీ బంతి అందుకున్నాడు. ఎడమకు తిరగబోయాడు. కాలు నేలలో దిగబడినట్టు ఆగిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. అదే క్షణంలో ఇటొకడు అటొకడు వచ్చి గుద్దారు. వాళ్ళిద్దరూ లేచాక కూడా అతను లేవలేదు.

వెర్లీన్ లేచి నిలబడింది.

"కూర్చోండి వెర్లీన్," అంది మిస్ లోరెనా మెల్లగా. "అందరూ చూస్తున్నారు."

"నా బిడ్డ కిందపడున్నాడు."

"వాళ్ళు చూసుకుంటారు. అందుకే కదా మేమందరం ఇన్ని జీతాలిస్తున్నాం. మీరు కంగారుపడితే వాడు ఇంకా కంగారుపడతాడు."

ఆమె వెర్లీన్ మణికట్టు పట్టుకునే ఉంది. వెర్లీన్ విడిపించుకుని బయటికి నడిచింది. ఏ తలుపు ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదు. నేను వెనకాల పరుగెత్తి మెట్ల దారి చూపించాను. మేము కిందికి దిగేసరికి అంబులెన్సు తలుపులు మూసేశారు. అది గేటు దాటుతుండగా పైనుంచి పెద్ద కేక వినిపించింది. ఓజెల్ స్థానంలో దిగిన, మోబిల్ నగరం నుంచి వచ్చిన కుర్రాడు బంతిని గీత దాటించాడు. ఆ ఆట మేమే గెలిచాం. కొత్త గ్యాలరీకి మాట కూడా ఆ సాయంత్రమే ఖాయమైంది.

మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. అతను హాస్టల్‌కు తిరిగొచ్చిన వారం మిస్ లోరెనా నాకు ఫోన్ చేసింది.

"ఈ ఆదివారం నువ్వు నేరుగా వచ్చెయ్ గ్రేడీ. హాస్టల్ దగ్గర ఆగక్కర్లేదు."

"ఓజెల్ ఎదురుచూస్తాడేమోనండి."

"మా ఇంటికి మెట్లున్నాయి కదా. పాపం, ఆ అబ్బాయిని ఎందుకు ఇబ్బందిపెట్టడం?"

ఆ ఆదివారమూ, దాని తర్వాతి ఆదివారమూ అతను చర్చి బట్టలు వేసుకుని, చంక కర్రలు ఒళ్ళో పెట్టుకుని హాస్టల్ ముందు అరుగు మీద కూర్చున్నాడట. మూడో ఆదివారం తనే బయల్దేరాడు. ఆ కర్రల మీద మిస్ లోరెనా ఇంటిదాకా నడిచి వచ్చాడు. మేమప్పుడే బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె కుడిపక్క కుర్చీలో మోబిల్ కుర్రాడున్నాడు. "ఆ చివర ఉన్నది నాయనా," అని మిస్ లోరెనా అతనికి ఫోర్కు చూపిస్తోంది. అంతలో తలుపు చప్పుడైంది. ఆమే లేచి వెళ్ళింది. బల్ల దగ్గర్నుంచి తలుపు మా అందరికీ కనిపిస్తుంది.

"ఓజెల్. చెప్పకుండా వచ్చావే."

"ఆదివారం కదండీ అమ్మగారూ." నవంబరు చలిలో కూడా అతనికి మొహమంతా చెమట పట్టింది. మెడకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది.

"అవును, ఆదివారమే." ఆమె వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. "ఈరోజు చోటు లేదు నాయనా. బల్ల నిండిపోయింది."

బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఓజెల్ వాటిని చూశాడు. చూసి, "పర్లేదండి, నేను తినే వచ్చాను," అన్నాడు.

"భోజనానికి వచ్చేవాళ్ళు తిని వస్తారా ఎక్కడైనా?" అంది ఆమె. బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

ఓజెల్ కూడా నవ్వబోయాడు. మెడకున్న సంచి తీసి ఇచ్చాడు. "మా పెరట్లో పీకాన్ చెట్టు గింజలండి. మీకిమ్మని అమ్మ పంపింది. ఒలిచే పంపింది."

ఆమె సంచిని రెండు వేళ్ళతో అందుకుంది. "అయ్యో, ఇన్నా? మీ అమ్మను అడిగానని చెప్పు. ఐడెల్లా, ఇతన్ని వెనక వైపుకు తీసుకెళ్ళి ఏదైనా పెట్టు." వచ్చి కూర్చుని, చేతులు గుడ్డతో తుడుచుకుని, "చేపల వాసన," అంది.

వెనక మెట్ల మీద ఐడెల్లా పళ్ళెం పెడితే అతను ముట్టలేదట.

"నేనేం తప్పు చేశాను పెద్దమ్మా?" అని అడిగాడట.

"కిందపడ్డావు. అంతే," అందట ఐడెల్లా.

ఆటగాళ్ళకిచ్చే చదువు ఖర్చును అప్పట్లో ఏడాదికోసారి పొడిగించేవాళ్ళు. వచ్చే ఏడాదికి పొడిగించడం లేదని కోచ్ హార్గిస్ ఫిబ్రవరిలో ఓజెల్‌కు చెప్పాడు. చెప్పేటప్పుడు గదిలోకి నన్ను కూడా పిలిచాడు. ఎందుకంటే ఒక్కడే చెప్పలేడు. ఓజెల్ అన్నీ విని, "మిస్ లోరెనా గారికి తెలుసా?" అని ఒక్కమాట అడిగాడు. కోచ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

ఏప్రిల్‌లో సంఘం వార్షిక విందు. క్లోవిస్ టాటమ్ భవనం పై అంతస్తులో మధ్యాహ్న భోజనం, తర్వాత వేలంపాట. సంతకాలు చేసిన బంతులు, కోచ్ టోపీ, అలాంటివి పాడతారు. ఆ యేడు మిస్ లోరెనాకు కొత్త ఆలోచన వచ్చింది. ఆ రోజు ఆటలో ఓజెల్ వేసుకున్న ముప్ఫై రెండో నంబరు చొక్కా ఉతక్కుండా, మట్టితో అలాగే ఉంది. దాన్ని పాటకు పెడదామంది. ఓజెల్ వచ్చి చేత్తో పట్టుకుని చూపిస్తే బాగుంటుందంది.

కబురు నేనే చెప్పాను. "ఆవిడే రమ్మన్నారా?" అని అడిగాడు. అవునన్నాను. జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. అప్పటికి చంక కర్రలు పోయి చేతికర్ర వచ్చింది. తోడుగా వెర్లీన్ వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు కాబట్టి ఆమె పేరుతో ఎక్కడా కుర్చీ లేదు. వంటింటి తలుపు పక్కన వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

పాట నడిపేది బ్యూఫర్డ్ స్టోకర్. వారమంతా పశువుల సంతలో పాట పాడించే మనిషి. ఓజెల్ వేదిక ఎక్కి చొక్కా ఎత్తి పట్టుకున్నాడు.

"బాగా చూసుకోండి," అన్నాడు బ్యూఫర్డ్. "అమ్మకానికి ఉన్నది చొక్కా మాత్రమే, పక్కనున్నవాడు కాదు. వాడు కుంటుతున్నాడు, వాడికి ధర పలకదు." హాలంతా నవ్వింది. "ఒకసారి అటు తిరుగు బాబూ. వెనక నంబరు కూడా చూడనీ. ఆఁ, మెల్లగా."

ఓజెల్ చేతికర్ర మీద ఆనుకుని మెల్లగా తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. వడ్డించే ఆడవాళ్ళు నలుగురు గోడకు చేరబడి చూస్తున్నారు. వాళ్ళలో ఎవరూ నవ్వలేదు.

"ఎవరైనా మొదలుపెట్టండి."

"ఇరవై డాలర్లు," అంది వంటింటి తలుపు దగ్గర నుంచి వెర్లీన్.

అందరూ వెనక్కి తిరిగారు. "వాళ్ళమ్మే," అని గుసగుసలు పోయాయి. ఆడవాళ్ళ మొహాలు మెత్తబడ్డాయి. బ్యూఫర్డ్ కూడా ఒక్క క్షణం తడబడి, "తల్లి పాడింది ఇరవై," అన్నాడు.

"వంద," అంది మిస్ లోరెనా.

వెర్లీన్ సంచి తెరిచి చూసుకుంది. "నూట పది."

"రెండు వందలు."

వెర్లీన్ సంచిలోకి మళ్ళీ చూసింది. పక్కన నిలబడ్డ వడ్డించే మనిషి ఏదో చేతిలో పెట్టబోతే వద్దని తలూపింది. "రెండు వందల పది," అంది. అది ఆమె దగ్గర లేదని ఆ గొంతే చెప్పింది.

"వెయ్యి," అంది మిస్ లోరెనా.

హాలంతా చప్పట్లు. ఆమె పాడి గెలిచి, ఆ తల్లికి ఇవ్వబోతోందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పాస్టరు గారి భార్య కళ్ళు తుడుచుకుంది. వేదిక మీద ఓజెల్ తల్లి వైపు చూసి నవ్వాడు. అతనూ అదే అనుకున్నాడు.

మిస్ లోరెనా వేదిక ఎక్కి, అతని చేతిలోంచి చొక్కా తీసుకుంది.

"ఇది ఎవరి పెట్టెలోనో పడి చీకిపోవడానికి నేను ఒప్పుకోను," అంది. "ఇది మనందరిదీ. కింద అద్దాల బీరువాలో పెట్టిస్తాను. వెర్లీన్, మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చూసుకోండి. సాయంత్రం ఐదింటిదాకా తెరిచే ఉంటుంది. శని, ఆదివారాలు మాత్రం కుదరదు."

చప్పట్లు ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

"ఏమంటావు ఓజెల్?" అని అడిగింది ఆమె, చిన్నపిల్లవాడికి గుర్తుచేసినట్టు.

"థాంక్యూ అండి అమ్మగారూ."

ఓజెల్ కూడా తల్లితో ఇంటికి పోతానన్నాడు. బస్సుకు ఇంకా చాలా సేపుందంటే, నేనే నా బండిలో వాళ్ళను దింపడానికి బయల్దేరాను. సగం దారిలో వెర్లీన్, "వాడు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు మిస్టర్ గ్రేడీ," అంది. రోడ్డు పక్కన పొగమీద కాల్చిన మాంసం అమ్మే కొట్టు ముందు ఆపాను. ఓజెల్ దిగి, కిటికీ దగ్గరకు వెళ్ళి ముగ్గురికి చెప్పాడు. కొట్టామె అతన్ని చూసి చేతిలో పని ఆపేసింది.

"నువ్వు పెట్‌వేవి కదూ? ముప్ఫై రెండు. మా ఆయన నీ ఆట చూసి ఏడ్చాడు బాబూ. లోపల పెట్టుకో, నీ దగ్గర డబ్బులు తీసుకుంటానా? ఇదిగో, ఈ ప్లేటు మీద సంతకం పెట్టు."

అతను కాగితపు ప్లేటు మీద సంతకం పెట్టాడు.

"మోకాలు నయమైందా? వచ్చే ఏడు ఆడతావుగా?"

"ఆడతానండి," అన్నాడు ఓజెల్.

మాంసం తెచ్చి, బయట బల్ల దగ్గర కూర్చున్న మా ముందు పెట్టాడు. వెర్లీన్ రొట్టె తుంపబోయి ఆగింది.

"ఆవిడకి అబద్ధమెందుకు చెప్పావురా?"

"ఆవిడ డబ్బులు తీసుకోలేదమ్మా," అన్నాడు అతను.

వెర్లీన్ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. సంచిలోంచి నోట్లు తీసి చెక్క మీద పెట్టింది. "మా వాడు ఇక ఆడలేడు తల్లీ. కాలు పోయింది. ఇవి తీసుకో."

కొట్టామె మొహం పాలిపోయింది. "అయ్యో, పాపం," అంది. బల్ల దగ్గర కూర్చున్న ఓజెల్‌ను, అతని చేతికర్రను చూసింది. తర్వాత నోట్లు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. సంతకం పెట్టిన ప్లేటును ఏంచేయాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, మిగతా ప్లేట్ల దొంతర మీద పెట్టేసింది.

ఓజెల్ మళ్ళీ మా ఊరు రాలేదు. ఆ వేసవిలో చేపల ఫ్యాక్టరీ వాళ్ళు అతనికి గేటు దగ్గర కూర్చుని లారీలు లోపలికి వదిలే పని ఇచ్చారు. అక్కడి మేస్త్రీ మా జట్టంటే పడిచస్తాడు. సెప్టెంబరు వచ్చాక, శనివారం మధ్యాహ్నాలు గేటు గదిలో రేడియో పెద్దగా పెట్టేవాడు. మోబిల్ కుర్రాడు బంతిని గీత దాటించినప్పుడల్లా లోపల చేపలు కోసేవాళ్ళంతా కేకలు వేసేవాళ్ళు. వెర్లీన్ కత్తి ఆపేది కాదు. ఒక శనివారం మేస్త్రీ, "రేడియో ఆపెయ్యమంటావా ఓజెల్?" అని అడిగాడట.

"ఉండనీండి," అన్నాడట ఓజెల్. "స్కోరెంతో చూద్దాం."